ఎల్‌ఎస్‌యూ టైగర్స్ (2019 సీజన్)

అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) ఫుట్‌బాల్ జట్టు ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచి జాతీయ చాంపియన్‌గా నిలిచిన సీజన్ ఇది. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. జట్టు సొంత మైదానం బేటన్ రూజ్‌లోని టైగర్ స్టేడియం. అప్పటి ప్రధాన కోచ్ ఎడ్ ఓర్జరాన్.

అంతకుముందు బంతి పట్టుకుని పరుగెత్తే ఆటపైనే ఎక్కువగా ఆధారపడిన ఈ జట్టు, 2019లో వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని న్యూఓర్లీన్స్ సెయింట్స్ జట్టు నుంచి కోచ్ జో బ్రేడీ రావడంతో బంతి విసిరే పాసింగ్ ఆటకు మళ్లింది. ఆ మార్పు ఫలితం సెప్టెంబర్ 7న ఆస్టిన్‌లో టెక్సస్ జట్టుతో ఆటలో కనిపించింది. చివరి నిమిషాల్లో మూడో డౌన్‌లో (నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) 17 గజాలు కావలసి ఉండగా, పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ జో బరో రక్షకుల ఒత్తిడిని తప్పించుకుని జస్టిన్ జెఫర్సన్‌కు విసిరిన బంతి 61 గజాల టచ్‌డౌన్ (ప్రత్యర్థి చివరి గీత దాటితే వచ్చే స్కోరు) అయింది, తుది స్కోరు 45–38. నవంబర్ 9న 46–41తో అలబామాను ఓడించి, ఆ జట్టు చేతిలో వరుసగా ఎనిమిది ఓటముల పరంపరకు తెరదించింది. తమ లీగ్ అయిన ఆగ్నేయ కాన్ఫరెన్స్ ఫైనల్లో జార్జియాను 37–10తో, జాతీయ సెమీఫైనల్ అయిన పీచ్ బౌల్‌లో ఓక్లహోమాను 63–28తో ఓడించింది. సెమీఫైనల్ తొలి అర్ధభాగంలోనే బరో ఏడు టచ్‌డౌన్ పాస్‌లు ఇచ్చాడు.

2020 జనవరి 13న న్యూఓర్లీన్స్‌లో జరిగిన జాతీయ ఫైనల్లో 42–25తో క్లెమ్సన్‌ను ఓడించింది. క్లెమ్సన్‌కు అంతవరకు వరుసగా 29 విజయాలున్నాయి. బరో సీజన్‌లో 5,671 గజాలు, 60 టచ్‌డౌన్ పాస్‌లు నమోదుచేశాడు; ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ కూడా అందుకున్నాడు. 2020 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో) ఈ జట్టు నుంచి 14 మంది ఎంపికయ్యారు. మొదటి ఎంపిక బరోదే.