మన పాదిరిగారి పట్టా ఎక్కడిది?

మన సంఘాల్లో చాలామంది పాదిరిగార్ల పేరు చివర బి.డి. అని ఉంటుంది. ఆ పట్టాల్లో అనేకం బెంగాలులో, హుగ్లీ నది ఒడ్డునున్న సెరంపూర్ పేరుతో వచ్చినవే. ఆ ఊరి కథ మనవాళ్లకు అంతగా తెలియదు.

1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అనే బాప్టిస్టు మిషనరీలు అక్కడ కళాశాల పెట్టారు. మొదటి విద్యార్థులు 37 మంది. బోధకులను తయారుచేయడమే ముఖ్య ఉద్దేశమైనా, హిందూ విద్యార్థులను కూడా చేర్చుకున్నారు. కులం, రంగు, దేశం ఎవరికీ అడ్డు కాకూడదన్నది వారి నియమం. సంస్కృతంతోపాటు పాశ్చాత్య శాస్త్రాలూ నేర్పాలనుకున్నారు. అన్నట్టు, 1814లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చువేసింది కూడా ఈ కేరీగారే.

అప్పట్లో సెరంపూర్ డెన్మార్కు ఏలుబడిలో ఉండేది. 1827లో ఆరవ ఫ్రెడరిక్ రాజు ఈ కళాశాలకు పట్టాలిచ్చే అధికారపత్రం ప్రసాదించాడు. కోపెన్‌హాగన్, కీల్ విశ్వవిద్యాలయాలతో సమానమైన హోదా అది. కలకత్తా, మద్రాసు, బొంబాయి విశ్వవిద్యాలయాలు పుట్టింది 1857లో. అంటే ఈ చిన్న కళాశాల వాటికంటే 30 ఏళ్లు ముందుంది. 1845లో డేనులు ఆ ఊరిని ఇంగ్లీషువారికి అమ్మేసినప్పుడు కూడా ఒప్పందంలో ఈ హక్కు నిలిచేలా చూసుకున్నారు.

అయినా అధికారం చేతిలో ఉండి కూడా ఒక్క పట్టా ఇవ్వలేదు! కేరీ 1834లో, మార్ష్‌మన్ 1837లో కన్నుమూశారు. వార్డ్ అంతకుముందే, 1823లో ప్రభువు సన్నిధికి వెళ్లాడు. డబ్బు చాలలేదు. 1883లో మిషను కమిటీ కళాశాలను అందరికీ మూసేసి, క్రైస్తవులకు శిక్షణనిచ్చే చోటుగా మాత్రమే ఉంచింది. కేరీ ఆశయం అక్కడితో సగం చచ్చిందనే చెప్పాలి.

దాన్ని తిరిగి లేపినవాడు ప్రిన్సిపాల్ జార్జ్ హోవెల్స్. ఆయన కాలంలోనే 1911లో కలకత్తా విశ్వవిద్యాలయంతో అనుబంధం మళ్లీ కుదిరింది. 1915లో, అంటే రాజు పత్రం ఇచ్చిన 88 ఏళ్లకు, మొదటి బి.డి. పట్టాలు ఇచ్చారు. 1918లో బెంగాల్ శాసనమండలి సెరంపూర్ కళాశాల చట్టం చేసింది. ఒక్క బాప్టిస్టుల చేతిలో ఉన్న సంస్థ నిర్వహణలో ఇతర సంఘశాఖలకు కూడా చోటు దొరికింది దానివల్లనే. నా మటుకు డెన్మార్కు రాజు పత్రంకంటే ఇదే పెద్ద మలుపు.

నేటికీ అక్కడ బి.ఏ., బి.ఎస్సీ. చదివేవారికి పట్టా కలకత్తా విశ్వవిద్యాలయానిది, దైవశాస్త్రం చదివేవారికి సెరంపూర్ సెనేటుది. 1964లో లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, సి.ఎస్.ఐ. సంఘాలు కలిసి రాజమండ్రిలో మొదలుపెట్టి, తర్వాత హైదరాబాదుకు తరలించిన ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల కూడా ఆ సెనేటుకు అనుబంధమైనదే.