రాయిగా దిగి తుక్కుగా తిరిగొచ్చిన ఇనుము

అనంతగిరి మీదుగా రోజూ ఓ కొండ కిందికి దిగిపోతూ ఉంటుంది. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బండ్లు కొత్తవలస-కిరండూల్ మార్గంలో శిమిలిగుడ దాటి, బొర్రా మీదుగా, సొరంగం వెంట సొరంగం దూరుతూ సముద్రం వైపు పోతుంటాయి. 1960లలో కొండలు పేల్చి ఈ దారి వేసిందే ఆ రాయిని జపాన్‌కు పంపడానికి. అద్దాల బోగీలో అరకు వెళ్లేవాళ్లు జలపాతం ఎటువైపు వస్తుందో వెతుక్కుంటారు. క్రాసింగ్ కోసం పక్క పట్టా మీద ఆగిన గూడ్సు మీదకు ఎవరి చూపూ పోదు.

ఆ కొండల్లోనే కమ్మరి కొలిమి ఉంది. మైదానంలో కమ్మరిది వృత్తి కులం. ఏజెన్సీలో కమ్మర షెడ్యూల్డు తెగ. తిత్తి, దాగలి, సుత్తి, పట్టుకారు ఉంటే చాలు, నాగటి కర్రు, కొడవలి, గొడ్డలి, బొరిగె తయారు. ముడిసరుకు ఖనిజం కాదు, పాత లారీల కమాను పట్టీలు. చేసేదంతా చేతిలో ఇమిడే వస్తువే. సంతకు మోసుకెళ్లగలిగినంతే చేస్తాడు.

చేతిలో ఇమిడే లోహపు పని నలుగురూ తలెత్తి చూసేంత విగ్రహం కావాలంటే ఏం జరగాలి? ఆ కథ ఒకటి ఇదే రైలు దారికి అవతలి కొసన ఉంది. కొరాపుట్, జయపురం దాటి జగదల్‌పూర్ చేరితే అంతా బస్తర్. అక్కడి లోహకారులు ఘడ్వాలు పోసే ఇత్తడి బొమ్మలనే మనం డోక్రా అంటున్నాం.

కలకత్తాలో పుట్టిన మీరా ముఖర్జీ (1923-1998) మ్యూనిక్‌లో శిల్పం చదివి వచ్చింది. యూరప్ నేర్పిన చేయితో ఇక్కడ ఏం చేయాలో తోచక, ఘడ్వాల ముందు శిష్యురాలిగా కూర్చుంది. 1961 నుంచి 1964 దాకా ఆంత్రొపొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పరిశోధకురాలిగా దేశంలోని లోహకారుల ఊళ్లు తిరిగి, వాళ్ల పద్ధతుల మీద పుస్తకం రాసింది. ఇటు తూర్పు కనుమల్లో ఇనుము కోసం దారి తొలుస్తున్న రోజులే అవి.

డోక్రా పని చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. మట్టిలో ఊక కలిపి పిసికి లోపలి ముద్ద చేస్తారు. మైనాన్ని సన్నని తీగలుగా లాగి ఆ ముద్ద చుట్టూ బుట్ట అల్లినట్టు చుడతారు. కన్ను, ముక్కు, గజ్జె అన్నీ తీగే. దాని మీద మెత్తటి మట్టి, ఆపైన ముతక మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన సందులోకి ఇత్తడి దిగుతుంది. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ. అచ్చు పగిలిపోయింది కాబట్టి అలాంటిది రెండోది ఉండదు. మొహెంజోదారో నర్తకి కూడా మైనం కరిగించి పోసిన బొమ్మే. ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు.

ఇదే బొమ్మను పెద్దది చేస్తే చిక్కంతా బయటపడుతుంది. గట్టి బొమ్మ ఎత్తు రెట్టింపు చేస్తే బరువు రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. అందుకే లోపల బోలుగా ఉంచాలి. పల్చటి సందులో లోహం చివరిదాకా పారకముందే గడ్డకడితే చెయ్యో కాలో ఉండదు. మైనం తన బరువుకు తానే కుంగుతుంది, పచ్చిమట్టి బీటలు వారుతుంది. మీరా ముఖర్జీ అందుకే ముక్కలుగా పోసి అతికించింది. అతుకులను నున్నగా రుద్ది దాచేయలేదు. మైనపు తీగ జాడలను లోహం ఒంటి మీద అలాగే వదిలింది. నా దృష్టిలో ఆమె అసలు గెలుపు ఎత్తులో కాదు, ఇక్కడుంది. బొమ్మ పెరిగినా వేళ్ల గుర్తు పోలేదు.

1972 నాటి ఆమె 'కళింగలో అశోకుడు' మనిషికి దాదాపు రెట్టింపు ఎత్తుంటుంది. కళింగమంటే మనకు పరాయి దేశం కాదు, ఈ కొండల కింది తీరమే. అయితే ఆ కంచు అశోకుడు నిలబడింది ఢిల్లీలో ఓ పెద్ద హోటల్ ఆవరణలో. గేటు దగ్గర కాపలా ఉన్నచోట పెట్టింది నలుగురి కళ ఎలా అవుతుందని అడిగితే నా దగ్గరా జవాబు లేదు.

మన డోక్రా ఆదిలాబాద్ వోజ్‌లది. జైనూరు మండలం ఉషేగాం లాంటి ఊళ్లలో గోండుల దేవతా ప్రతిమలు, గజ్జెలు, గంటలు పోసేవాళ్లు వీళ్లు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చినా బొమ్మ మాత్రం షోకేసు ఎత్తు దాటలేదు. దేవుడు పెట్టెలో ఇమడాలి, పండక్కి మోసుకెళ్లాలి అనుకున్న చోట చిన్నదనం లోపమేం కాదనుకోండి.

పెద్దదయ్యే గుణం రేకు పనికే ఎక్కువ. జనగామ దగ్గరి పెంబర్తి విశ్వకర్మలు ఇత్తడి రేకును వెనక నుంచి కొట్టి ఉబ్బించి గుడి తలుపులకు, ధ్వజస్తంభాలకు, వాహనాలకు తొడుగులు చేస్తారు. 1886లో న్యూయార్క్ రేవులో నిలబెట్టిన స్వేచ్ఛాదేవి పుట్టుక కూడా అదే. చెక్క అచ్చుల మీద సుత్తితో కొట్టిన రాగి రేకులు, మందం రెండున్నర మిల్లీమీటర్ల లోపు, లోపల ఐఫెల్ వేసిన ఇనుప అస్థిపంజరం. రేకుకు పోత బరువు లేదు, ఎంతకైనా పెరుగుతుంది. ఇంత తెలిసిన నేల మీదే 2022లో ముచ్చింతల్‌లో ఆవిష్కరించిన రామానుజుల పంచలోహ విగ్రహం చైనాలో తయారై, వెయ్యికి పైగా ముక్కలుగా ఓడెక్కి వచ్చింది. ఆ సైజు విగ్రహానికి ఫ్యాక్టరీ కావాలి, ఒప్పుకోవాల్సిందే. అయినా మనసు పెంబర్తి వైపు పీకుతుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో అనంతగిరి కొత్త అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. జూలై 4న ఆయన 30 అడుగుల కాంస్య విగ్రహం లేచింది మాత్రం ఈ కొండల్లో కాదు, డెల్టాలో, భీమవరంలో.

ఫ్యాక్టరీ లేకుండా పెరిగిన దారి కూడా ఒకటుంది. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత బండ్ల గొలుసులు, పళ్లచక్రాలు, నట్లు ఏరి వెల్డింగుతో విగ్రహాలు కడతారు. ధ్యానంలో కూర్చున్న పదడుగుల గాంధీకి 75,000 ఇనుప నట్లు పట్టాయి. పోత లేదు, అచ్చు లేదు. నట్టు పక్కన నట్టు, ఘడ్వా మైనపు తీగ చుట్టినట్టే. దగ్గరకు వెళితే గాంధీ మాయమై నట్లే మిగులుతాయి, వెనక్కి జరిగితే మళ్లీ ఆయన వచ్చి కూర్చుంటాడు.

ఆ నట్లలో ఎన్ని ఒకప్పుడు అనంతగిరి సొరంగాల్లోంచి రాయిగా పోయాయో లెక్క కట్టలేం. జపాన్ వెళ్లిన రాయి ఏ బండిలోనో ఒదిగి, అరిగి, తుక్కు దుకాణం చేరి ఉండొచ్చు. కొండ మీది కొలిమి పక్కనా అలాంటి గుట్టే ఉంటుంది. కమ్మరి అందులోంచి ఓ కమాను పట్టీ లాగి, ఎంత పొడవుందో జానతో కొలిచి, రెండు కొడవళ్లు వస్తాయని చెబుతాడు.