గాజుతొట్టిలో ఏంజెల్ చేప

పగడపు దిబ్బలలో నివసించు చేపలలో ఏంజెల్ చేపలు మిక్కిలి అందమైనవి. ఎదిగిన చక్రవర్తి ఏంజెల్ చేప శరీరముపై నీలము, పసుపు చారలు ఒకదాని తరువాత ఒకటి తోకవైపునకు సాగును. రీగల్ ఏంజెల్ అను మరియొక చేప నారింజ వన్నె శరీరముపై నల్లని అంచుగల తెల్లని, నీలి పట్టెలు కలిగియుండును. ఈ అందమే వాటికి ఆపద తెచ్చినది. సముద్రము నుండి పట్టి తెచ్చి గాజుతొట్టిలో విడిచిన ఏంజెల్ చేపలు చాలకాలము వరకు కొద్ది దినములలోనో, కొద్ది వారములలోనో చనిపోవుచుండెడివి. నీరు తేటగానే యుండెడిది. మేత వేయుచునే యుండిరి. అయినను చేప ఒక మూలకు చేరి, మేత ముట్టక, చిక్కి చనిపోయెడిది.

దీనికి కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము ఒక్కనాడు ఒక్కరు కనుగొన్నది కాదు. రసాయన శాస్త్రము, శరీరధర్మ శాస్త్రము, సూక్ష్మజీవి శాస్త్రము నూట యేబది యేండ్లకు పైగా శ్రమించి, కొంచెము కొంచెముగా ఇచ్చిన సమాధానమది. చేపను చంపుచున్నవి చాలవరకు కంటికి కనబడనివి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కలోనికి తెచ్చుకొనుటయే ఈ చరిత్ర.

చనిపోయిన చేపలతో ఆరంభము

ఈ చేపలకు శాస్త్రీయ నామములు పెట్టినవారిలో పెక్కురు వాటిని ప్రాణముతో చూచినవారు కారు. చక్రవర్తి ఏంజెల్ చేపను 1787లో వర్ణించిన మార్కస్ ఎలీజర్ బ్లాక్ బెర్లిన్ నగరమున వైద్యుడు. ఆయనకు అందినవి ఎండిన చేపలు, సారాయిలో నిలువచేసిన చేపలు, చిత్రపటములు. సారాయిలో చేపల రంగులు వెలిసిపోవును. అదిగాక ఈ చేప పిల్లగా ఉన్నపుడు ముదురు నీలి శరీరముపై తెల్లని వలయములు ఒకదానిలో నొకటి అమరియుండును. ఎదిగిన తరువాత ఆ వలయములు పోయి పసుపు చారలు వచ్చును. పిల్లకును పెద్దకును పోలికయే లేదు. అందుచేత బ్లాక్ మరణించిన తరువాత 1801లో ష్నైడర్ ప్రకటించిన గ్రంథములో ఈ పిల్లచేప నికోబారు దీవుల పేరుతో వేరొక జాతిగా చేరినది.

1803లో లండనులో వెలువడిన పాట్రిక్ రసెల్ గ్రంథములో విశాఖపట్టణ తీరమున సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రములు, స్థానిక నామములతో సహా ఉన్నవి. అది నేటికిని విలువైన గ్రంథమే. కాని చేప ఏమి తినును, రంగు ఎట్లు మారును, దేనివలన చనిపోవును అను ప్రశ్నలకు చిత్రము సమాధానము చెప్పజాలదు. వాటికి ప్రాణమున్న చేప కావలెను. చేప ప్రాణముతో ఉండుటకు తగిన నీరు కావలెను.

మొదటి పాఠము: ఆమ్లజని

1846లో ఆనా థిన్ అను ఆంగ్ల మహిళ ఇంగ్లండు దక్షిణ తీరమందలి టార్కీ పట్టణమున పగడపు జీవులను చూచి, వాటిని జాడీలో పెట్టి లండనుకు తెచ్చెను. అనుదినము సముద్రపు నీరు తెప్పించుట సాధ్యముకాదు. అందుచేత ఆ నీటినే కిటికీ ముందు ఒక పాత్ర నుండి మరియొక పాత్రలోనికి అరగంట మొదలు ముప్పావుగంట సేపు పోయించుచుండెడిది. ఆ పని చేసినది ఆమె ఇంటి పనిమనిషి. గాలి తగిలిన నీరు ఆమ్లజనిని పీల్చుకొనెను. మరుసటి యేడు ఆమె సముద్రపు నాచును కూడ చేర్చెను. ఆ జీవులు సుమారు మూడేండ్లు బ్రతికినవి.

అదే కాలమున రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక పాత్రలో రెండు బంగారు చేపలను, ఒక నీటిమొక్కను ఉంచి పరిశీలించెను. చేప విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించి వెలుతురులో ఆమ్లజనిని విడుచును. ఆ ఆమ్లజనిని చేప పీల్చును. మొక్క ఆకులు కుళ్లి నీరు చెడుట చూచి, వాటిని తినుటకు నత్తలను చేర్చెను. అంతట నీరు తేటపడెను. ఈ పరిశోధనను 1850లో లండను రసాయన శాస్త్ర సంఘమున ప్రకటించెను. 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో చేపల భవనము తెరువబడెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథముతో అక్వేరియం అను పేరు ఇంటింటికి ప్రాకినది. సముద్రపు నీటిని లవణములతో కృత్రిమముగా తయారుచేయు పద్ధతిని కూడ ఆ సంవత్సరమే ఆయన ప్రకటించెను.

ఇంగ్లండులో ఎందరో ఉత్సాహముతో గాజుతొట్లు కొనిరి. కాని చాలమంది తొట్లలో నీరు మురిగిపోయి జీవులు చచ్చినవి. వారింగ్టన్ చెప్పిన లెక్కలో తప్పు లేదు, అది పూర్తికాలేదు. చేప విడుచునది బొగ్గుపులుసు వాయువు మాత్రమే కాదు. మొప్పల ద్వారా అది నిరంతరము అమోనియాను కూడ విడుచును. అమోనియాకు రంగు లేదు. నీటిలో కొద్దిపాటి అమోనియా ఉన్నను చేపకు విషము. అది ఏమగుచున్నది?

తండ్రి తరువాత కుమారుడు

ఈ ప్రశ్నకు సమాధానము చేపల తొట్టినుండి రాలేదు. మురుగునీటి నుండియు, పొలముల మట్టి నుండియు వచ్చినది. 1877లో ఫ్రాన్సు దేశమున ష్లోసింగ్, మ్యూంట్జ్ అను శాస్త్రజ్ఞులు ఇసుక, సుద్ద నింపిన గొట్టము ద్వారా మురుగునీటిని మెల్లగా పారించిరి. మొదటి ఇరువది దినములు నీటిలోని అమోనియా అట్లే ఉండెను. తరువాత అది తగ్గి, దాని స్థానమున నైట్రేట్ కనబడెను. గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరి పంపగా ఈ మార్పు ఆగిపోయెను. కొంచెము మట్టి కలిపిన నీటిని పోయగా మరల ఆరంభమయ్యెను. క్లోరోఫారము ఆపగలిగినది ప్రాణమున్న దానినే. కావున ఈ పని చేయుచున్నవి సూక్ష్మజీవులని తేలెను.

ఈ పరిశోధనను ముందుకు సాగించినవారిలో ఒకడు ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రమున పనిచేసిన రాబర్ట్ వారింగ్టన్. పేరొక్కటియే అయినను ఈయన అక్వేరియం వారింగ్టన్ కాదు, ఆయన కుమారుడు. అమోనియా మొదట నైట్రైట్‌గాను, పిదప నైట్రేట్‌గాను రెండు మెట్లలో మారునని, రెండు మెట్లకు రెండు వేర్వేరు సూక్ష్మజీవులు కారణమని ఈయన పరిశోధనలు సూచించెను. ఆ జీవులను విడదీసి పెంచుట ఆయనకు సాధ్యము కాలేదు. 1890లో జూరిక్ నగరమున వినోగ్రాడ్‌స్కీ దానిని సాధించెను. తండ్రి చేపల తొట్టిలో విడిచిన లెక్కను కుమారుడు పొలములో పూర్తిచేయ యత్నించినట్లయినది. కాని ఈ రెండింటి సంబంధము చేపలు పెంచువారికి చాలకాలము తెలియలేదు.

తెలియకపోయినను కొందరు అనుభవముచేత దారి కనుగొనిరి. 1871లో లండనులోని క్రిస్టల్ పాలెస్ అక్వేరియంను నిర్మించిన ఆల్ఫర్డ్ లాయిడ్, ప్రదర్శన తొట్ల కంటె ఎన్నోరెట్లు పెద్దదైన చీకటి నీటితొట్టిని క్రింద కట్టి, నీటిని ఎడతెగక త్రిప్పుచుండెను. 1961లో జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్, జీవులు అంటుకొనియున్న పగడపు రాళ్లను తొట్టిలో పెట్టి, కొద్దిగా గాలి బుడగలు పంపుచు సముద్రపు చేపలను పెంచు పద్ధతిని ప్రకటించెను. ఆ రాళ్ల రంధ్రములలో నివసించు సూక్ష్మజీవులే నీటిని శుద్ధిచేసినవి.

నేడు ఈ విషయము స్పష్టమే. కొత్త తొట్టిలో ఈ జీవులు తగినంతగా వృద్ధిచెందుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అప్పటివరకు నీరు తేటగా కనబడినను ఏంజెల్ చేపకు అది విషపు నీరే. మొదట అమోనియా, తరువాత నైట్రైట్ పెరిగి, రెండును తగ్గిన పిమ్మటనే చేపను తేవలెను. సూక్ష్మజీవుల కథ ఇంకను ముగియలేదు. 2005లో సియాటిల్ నగరపు అక్వేరియం నుండి, అమోనియాను మార్చు ఆర్కియా అను వేరొక తెగ జీవిని శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. రెండు మెట్లను ఒక్కటే చేయగల బాక్టీరియా ఉన్నట్లు 2015లో వెల్లడియైనది. భారతదేశమున 2001 నుండి పగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలో ఉన్నవి. కాబట్టి ఇచ్చట పగడపు రాళ్లు తెచ్చుట నేరము. రంధ్రములు గల కాల్చిన మట్టి ముక్కలు ఆ పని చేయగలవు.

ఉప్పు, సంచిలోని నీరు

సముద్రపు చేప రక్తములో ఉప్పు సముద్రపు నీటిలోని దానిలో సుమారు మూడవ వంతు. అందుచేత ద్రవాభిసరణము వలన దాని శరీరము నుండి నీరు ఎల్లప్పుడు బయటికి పోవుచుండును. ఆ నష్టమును పూరించుటకు చేప సముద్రపు నీటిని త్రాగునని 1930లో హోమర్ స్మిత్ చూపెను. త్రాగిన నీటిలోని అధిక లవణమును మొప్పలు బయటికి నెట్టునని 1931లో ఆన్సెల్ కీస్ ఈల్ చేప మొప్పలపై ప్రయోగములతో నిరూపించెను. నీటి లవణసాంద్రత ఉన్నట్టుండి మారినచో ఈ యంత్రాంగము తట్టుకొనలేదు. కొత్తచేపను నేరుగా తొట్టిలో విడువరాదనుటకు ఇది యొక కారణము.

అయితే మెల్లగా అలవాటు చేయుటలోను ఒక చిక్కు ఉన్నది. దూరప్రయాణము చేసిన ప్లాస్టిక్ సంచిలో చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు చేరి నీటి క్షారత తగ్గును, పి.హెచ్. ఏడుకు దగ్గరగా దిగును. అప్పుడు సంచిలోని అమోనియాలో విషరూపమున నుండునది నూటికి ఒక పాలుకన్న తక్కువ. సంచి విప్పగానే ఆ వాయువు ఎగిరిపోవును, పి.హెచ్. పెరుగును. ఎనిమిదికి పైబడగా విషరూపము నూటికి ఆరేడు పాళ్లగును. అనగా గంటల తరబడి అదే సంచినీటిలో చుక్కచుక్కగా కొత్తనీరు కలుపుచు కూర్చున్నవాడు, దయతోనే చేపకు విషము పెట్టుచున్నాడు.

దీనికి ఉపాయము తేలికయైనది. మూసిన సంచిని పావుగంట సేపు నీటిపై తేలనిచ్చి ఉష్ణోగ్రతను సమానము చేయవలెను. సంచినీటి లవణసాంద్రతను కొలిచి, దానికి సరిపోవు శుద్ధజలమును వేరొక తొట్టిలో ముందే సిద్ధపరచి, చేపను మాత్రమే అందులోనికి మార్చవలెను. లవణమును ఆ తొట్టిలో కొద్ది దినములపాటు మెల్లగా సరిచేయవచ్చును. రోగములు లేవని తేలువరకు కొన్ని వారములు చేపను అచ్చటనే ఉంచవలెను. మసక వెలుతురు, దాగుకొనుటకు గూడు, తోటి చేపల బాధ లేకుండుట – ఇవి అప్పుడు మేతకన్న ముఖ్యము.

మేత ముట్టని చేప

ఇంత చేసినను కొన్ని ఏంజెల్ చేపలు తినవు. దీనికి కారణము చాలవరకు వాటి సహజాహారమే. 1968లో రాండల్, హార్ట్‌మన్ అనువారు వెస్టిండీస్ సముద్రములందలి 212 జాతుల చేపల కడుపులను పరీక్షించి చూచిరి. స్పంజికలను తినునవి 21 జాతులు మాత్రమే. వాటిలో హోలకాంథస్ ప్రజాతి ఏంజెల్ చేపల ఆహారములో నూటికి 95 పాళ్లకు పైగా స్పంజికలే. పోమకాంథస్ ప్రజాతిలో 70 పాళ్లకు పైగా ఉండెను. స్పంజికల శరీరములో గాజువంటి సూదులు, కొన్నింటిలో విషపదార్థములు ఉండును. ఇతర చేపలు ముట్టని ఆ ఆహారమునే ఇవి దినమంతయు కొంచెము కొంచెముగా కొరుకుచు తిరుగును. అట్టి చేపకు పూటకొకసారి ఎండుమేత పొడిని చల్లినచో, అది దానిని ఆహారముగానే గుర్తింపదు.

అందుచేత అనుభవజ్ఞులు మొదట విప్పిన ఆల్చిప్పను తొట్టి అడుగున ఉంచుదురు. చేప దానిని రాతిపై పెరిగిన జీవిగా భావించి కొరుకును. తినుట నేర్చిన పిదప సన్నగా తరిగిన రొయ్యమాంసము, సముద్రపు నాచు, స్పంజిక కలిపి గడ్డకట్టించిన మేత క్రమముగా అలవాటు చేయుదురు. దినమునకు నాలుగైదు సారులు, ఒక్కొక్కసారి కొద్దిగా పెట్టవలెను. మిగిలిన మేత కుళ్లి మరల అమోనియా యగును గనుక దానిని వెంటనే తీసివేయవలెను. ఇచ్చట మేత లెక్కయు, సూక్ష్మజీవుల లెక్కయు ఒకటే.

మేత ముట్టని చేపలన్నింటి దోషము పెంచువారిది కాదు. 1960 దశకమున ఫిలిప్పైన్ దీవులలో సయనైడు ద్రావణము చిమ్మి, చేపలను మూర్ఛపరచి పట్టు పద్ధతి మొదలయ్యెను. సయనైడు కణముల శ్వాసక్రియను అడ్డగించును. తేరుకొన్నట్లు కనబడిన చేప తరువాత చనిపోవుట తరచు. దాగియున్న పగడములు కూడ చచ్చును. 1975లో ఆ దేశము దీనిని నిషేధించినను అది వెంటనే ఆగలేదు. ఒక్క చేప తొట్టిలో బ్రతుకుటకు ఎన్ని చేపలు, ఎన్ని పగడములు సముద్రములో నశించుచున్నవను ప్రశ్న అప్పటినుండి పెంపకమునకు తోడుగా నిలిచినది. 1970 దశకమున అమెరికాలో కొన్ని ఏంజెల్ జాతుల పిల్లలను గ్రుడ్డు నుండి పెంచుట సాధ్యమైనది. ఈ శతాబ్ది ఆరంభమున హవాయి దీవులలో చిన్న జాతులను కూడ అట్లు పెంచిరి. గ్రుడ్డు నుండి తొట్టిలోనే పెరిగిన చేప తొట్టిమేతను మొదటినుండియు తినును. దానికొరకు దిబ్బను తాకనక్కరలేదు.

ఈ చరిత్రను పాఠశాలలో కన్నులార చూచుటకు ఏంజెల్ చేప అవసరము లేదు, చేపయు అవసరము లేదు. ఒక గాజుతొట్టిలో మంచినీరు, రంధ్రములు గల గులకరాళ్లు, గాలి బుడగల యంత్రము, కొద్దిగా చెరువుమట్టి ఉంచి, రెండుమూడు చిటికెల చేపమేత వేసి, దుకాణములలో దొరకు పరీక్షా ద్రవములతో అమోనియా, నైట్రైట్, నైట్రేట్‌లను రెండు దినములకొకసారి కొలిచి గీతపటము గీయవచ్చును. ఆరు వారములలో ఒక గీత లేచి పడును, రెండవది దాని వెనుక లేచి పడును, మూడవది నిలిచి పెరుగును. ఆ మూడు గీతలు పూర్తికాక మునుపు ఆ తొట్టిలో చేపను విడువరాదు.