ఇంటర్‌నెట్ ఎలా పనిచేస్తుంది? పట్టాల వెంట సాగే సమాచార మార్గం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. రైల్వే కొలువుల నిమిత్తం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో ఉన్నాయి. ఇక్కడి రాజ్‌కిశోర్ నగర్‌లో ఒక విశ్రాంత ఉద్యోగి మొబైల్ ద్వారా జీవన ధ్రువీకరణ పత్రం సమర్పిస్తే, ఆ సమాచారం ఆకాశమార్గాన సాగుతుందన్న భావన సాధారణం. వాస్తవానికి అది గాలిలో ప్రయాణించేది సమీప టవరు వరకే. ఆపై ప్రయాణం ప్రధానంగా వెంట్రుకంత సన్నని గాజు తీగల్లో, కాంతి రూపంలో జరుగుతుంది.

నెట్‌వర్కుల కూటమి

ఇంటర్‌నెట్ ఏ ఒక్క సంస్థకూ చెందినది కాదు. వేలాది నెట్‌వర్కులు ఉమ్మడి నియమాలతో అనుసంధానమైన వ్యవస్థ ఇది. 1969లో అమెరికాలో ఆరంభమైన ఆర్పానెట్ దీనికి మూలం. 1983 జనవరి 1న ఆర్పానెట్ టీసీపీ/ఐపీ నియమావళికి మారింది. నేటికీ ఇంటర్‌నెట్‌కు అదే ఆధారం. భారత్‌లో సాధారణ ప్రజలకు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఈ సేవలను ప్రారంభించింది.

ముక్కలుగా ప్రయాణం

పంపిన సమాచారం ప్యాకెట్లు అనే చిన్న భాగాలుగా విడిపోతుంది. ప్రతి ప్యాకెట్‌పై గమ్యస్థానపు ఐపీ చిరునామా ఉంటుంది. జంక్షన్ల వంటి రూటర్లు ఆ చిరునామాను చూసి దారి చూపుతాయి. ఒకే రైలు వ్యాగన్లలా ఇవన్నీ ఒకే మార్గంలో వెళ్లాల్సిన అవసరం లేదు. గమ్యం చేరాక తిరిగి వరుసలో అమరుతాయి. దారిలో పోయిన ప్యాకెట్‌ను టీసీపీ మళ్లీ పంపిస్తుంది. వెబ్‌సైట్ పేరును ఐపీ చిరునామాగా మార్చే పని డీఎన్ఎస్ వ్యవస్థది.

పట్టాల వెంట గాజు తీగ

రైల్వేల సమాచార అవసరాలతో పాటు దేశంలో బ్రాడ్‌బ్యాండ్ విస్తరణ కోసం 2000లో రైల్‌టెల్ ఏర్పాటైంది. ఈ సంస్థ ఆప్టికల్ ఫైబర్ పట్టాల వెంట సాగుతుంది. గాజు తీగలో కాంతి 1,000 కిలోమీటర్ల దూరాన్ని సుమారు 5 మిల్లీసెకన్లలో దాటుతుంది. విదేశాలకు వెళ్లే సమాచారం అధికభాగం ముంబయి, చెన్నై వంటి తీర నగరాల నుంచి సముద్రగర్భ కేబుళ్ల ద్వారా సాగుతుంది.

సేవ నిలిచిపోతే

ప్రధాన మార్గంలో కేబుల్ తెగితే, వేరే మార్గం ఉన్నచోట రూటర్లు ప్యాకెట్లను అటు మళ్లిస్తాయి. ఇంటికి వచ్చే తీగ మాత్రం సాధారణంగా ఒక్కటే కనుక, అది తెగితే సేవ ఆగిపోతుంది. ఒక్క వెబ్‌సైటే తెరుచుకోకపోతే లోపం ఆ సర్వర్‌లో ఉండే అవకాశం ఎక్కువ. ఏదీ తెరుచుకోక, పక్కనే మరో సంస్థ సిమ్ పనిచేస్తుంటే లోపం ఇంటి రూటర్‌లోనో, సేవలందించే సంస్థ మార్గంలోనో ఉంటుంది. దరఖాస్తులకు, పింఛను పత్రాలకు గడువు సమీపించినప్పుడు వేరొక సంస్థ కనెక్షన్‌ను అందుబాటులో ఉంచుకోవడం మేలు.