బావి దాకా

చెప్పులు అరుగు కిందే వదిలేయండి. రాత్రంతా వాన పడింది. చెలక మట్టి ముద్దయి ఉంటుంది. పది అడుగులు పోయేసరికి ఒక్కో చెప్పు కింద ఇంకో చెప్పు తయారవుతుంది. ఉత్తకాళ్లతోనే హాయి.

టైము ఐదున్నర. జనగామ దాటి లోపలికి వచ్చే ఈ ఊళ్లో, మా ఇంటి వెనక దర్వాజా నుంచి బావి దాకా నాలుగు వందల అడుగులు. మా అమ్మ బిందె చంకన పెట్టుకుని పది నిమిషాల్లో పోయి వచ్చేది. మనకు మూడు గంటలు పడుతుంది, ముందే చెబుతున్నాను. ఆకలైతే నా జేబులో మక్కపేలాలున్నాయి.

గడప దాటే ముందు ఒకసారి కిందికి చూడండి. కరెంటు బుగ్గ కింద నేలంతా రెక్కలే. పల్చగా, పొడుగ్గా, ఉల్లిపొర చింపి చల్లినట్టు. రాత్రి ఉసిళ్లు లేచాయి. పుట్టలోంచి ఆడా మగా కలిసి ఎగిరి, కాసేపు వెలుతురు చుట్టూ తిరిగి, కిందపడి తమ రెక్కలు తామే విదిలించుకుని, జంటగా మట్టిలోకి దూరాయి. దూరగలిగినవి రేపటి పుట్టకు రాజూ రాణీ. దూరలేనివాటి కోసం బల్లి ఇంకా గోడ మీదే ఉంది, పొట్ట ఉబ్బి, కదల్లేక. ఒకప్పుడు బుగ్గ కింద నీళ్ల తాంబాళం పెట్టి వీటిని పట్టేవాళ్లు. ఉప్పేసి వేయించి పేలాల్లో కలుపుకుంటే ఆ రుచే వేరు. ఇప్పుడు మా అవ్వకు మిగిలింది ఊడ్చే పనే.

"బుగ్గ బందు జెయ్యమంటే ఇన్నవా? గీ రెక్కలన్ని ఎవరూడుస్తరు?"

చీపురు పక్కన పెట్టి అసలు పని చెప్పింది. లోపల మంచం కింద కంది విత్తనాల మూట ఉంది. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే చుట్టుపక్కల వాళ్లు పత్తి గింజలు పెట్టేశారు. అవ్వ మాత్రం మూట ముడి విప్పనివ్వలేదు. ఆ తర్వాత పన్నెండు రోజులు చుక్క లేదు. పక్క చెలకలో గింజ మొలిచీ మొలవకముందే మాడింది. నిరుడు ఆ తప్పు మేమే చేశాం కాబట్టి నవ్వే హక్కు మాకు లేదు. చిన్నాయన ఫోన్లో వాతావరణం చూసి చెబుతాడు. అవ్వ వింటుంది, తలూపుతుంది, లెక్కలోకి తీసుకోదు.

"బాయి దాకా పోయి సూసి రా బిడ్డా. పురుగులెల్లినయో లేదో. మట్టి ఎంత దూరం తడిసిందో ఏలు వెట్టి సూడు."

ఏ పురుగులో దారిలో అవే చెబుతాయి. పదండి.

పెరటి కంప దాటగానే చప్పుడు మారుతుంది. అదిగో, ఎడమ పక్క గుంటలోంచి వచ్చే ఆ గొంతులు. ముసలివాళ్లు పదిమంది ఒకేసారి గొంతు సవరించుకుంటున్నట్టు లేదూ? మెల్లగా రండి, నీడ నీళ్ల మీద పడనీయకండి. బోదురు కప్పలు. ఏడాదంతా బురద రంగులో, ఎవరి కంటా పడకుండా బతికే జీవాలు. ఈ ఒక్క రాత్రి కోసం మగవి నిమ్మపండు రంగు పూసుకుంటాయి. దవడల కింద ఇటొకటి అటొకటి నీలి బుడగలు ఉబ్బుతున్నాయి చూశారా? అంత పసుపు, అంత నీలం పక్కపక్కన పెట్టాలంటే చీరల కొట్లో కూడా ఆలోచిస్తారు. నాలుగు రోజులు పోతే ఈ రంగు ఉండదు, మళ్లీ అదే బురద కప్ప. మన దేశపు కప్ప కాళ్లు బస్తాలకు బస్తాలు విదేశాల హోటళ్లకు పోయేవి; 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపేసింది. ఈ గుంటలో ఇవాళ ఇంత గోల ఉందంటే అందులో ఆ నిషేధానికి కొంత వాటా ఉందనే నేననుకుంటాను.

గట్టెక్కండి. ఇక్కణ్నుంచి ఎర్ర చెలక. అడుగు తీసి అడుగు వేసే ముందు చూసుకోవాలి.

మొదటిది కనబడేదాకా ఒక్కటీ కనబడదు. నేలా ఎరుపే, అదీ ఎరుపే. గొంతుకూర్చోండి. గడ్డిపోచ మొదట్లో, ఎవరో కుంకుమ చిటికెడు జారవిడిచినట్టు ఉందే, అది. ఇప్పుడు కదిలింది. ఇంకాస్త ముందర ఇంకోటి. అటు రెండు. ఒక్కసారి కంటికి ఆనిందా, ఇక చెలకంతా అవే.

ఆరుద్ర పురుగులు. జూన్ 22 ప్రాంతంలో సూర్యుడు ఆరుద్రలో ప్రవేశిస్తాడని పంచాంగం రాస్తుంది. దాన్ని చదవడం రాని అవ్వ వీటిని చదువుతుంది. కార్తె పేరు పెట్టుకుని తిరిగే ప్రాణి నాకు తెలిసి ఇదొక్కటే.

అరచెయ్యి నేలకు ఆనించి దాని దారికి అడ్డం పెట్టండి. భయం లేదు, కుట్టదు, కరవదు. ఎక్కుతుంది చూడండి. బరువే లేదు. ముఖమల్ గుడ్డ అంటారే, వేలితో నిమిరితే అచ్చం అలాగే ఉంటుంది, ఒళ్లంతా ఒత్తుగా వెంట్రుకలు. ఇదిగో, నిమిరీ నిమరగానే కాళ్లు ముడిచేసి పూసలా ఉండిపోయింది. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టండి. ఇరవై లోపే మళ్లీ ఒక్కో కాలు బయటికి తీస్తుంది. ఎన్ని కాళ్లు? ఎనిమిది. పురుగు అని మనం పిలవడమే గానీ ఇది సాలీడుకీ, పశువులను పీడించే గోమారికీ దాయాది. చిన్నప్పుడు దీనికీ ఆరే కాళ్లు. మిడతలను పట్టుకుని రసం పీల్చి బతుకుతుంది. పెద్దయ్యాక భూమిలో దాగి చెదపురుగులనూ పురుగుల గుడ్లనూ తింటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం చీకట్లోనే. తొలి వానలకు, అదీ పొద్దుటి పూట కొన్ని గంటలు, ఇలా పైకొస్తుంది.

ఇంత ఎర్రగా, ఇంత బాహాటంగా తిరుగుతుంటే పిట్టలు ఊరుకుంటాయా అని మీ అనుమానం. ఆ ఎరుపే హెచ్చరిక. నోట్లో పెట్టుకున్నది ఉమ్మేస్తుంది, ఇంకోసారి జోలికి రాదు. మనుషులకే ఆ భయం లేదు. ఎండబెట్టి, నూనె తీసి పక్షవాతానికి మందని అమ్మేవాళ్లున్నారు. ఆ మందు మీద నాకు నమ్మకం లేదు, ఆ బేరం మీద గౌరవమూ లేదు. నేను చేసిన పాపం మాత్రం ఒప్పుకుంటాను. మూడో తరగతిలో అగ్గిపెట్టెలో గడ్డి పరిచి ఏడింటిని దాచాను. సాయంత్రానికి ఏడూ నల్లబడ్డాయి.

అవ్వ చెప్పిన రెండో పని. చూపుడు వేలు మట్టిలోకి దించండి. చల్లగా దిగిపోతోందా? తవ్వి చూద్దాం. వేలు పొడుగు దాటి కూడా తడే. ఇంకా కింద... జానెడు. దీన్నే పదును అంటారు. ఆ పదును లోపలి నుంచి తట్టి లేపితేనే ఈ ఎర్ర పూసలు పైకొచ్చాయి.

ఆగండి! అడుగు వెయ్యొద్దు.

ఆ అరుపు మన మీదే. తీతువు పిట్ట. ఎర్రటి తోలు కంటి ముందు వేలాడుతూ, పొడుగు పసుపుపచ్చ కాళ్లతో, తల మీద గిరికీలు కొడుతూ అరుస్తోంది. రాత్రి ఇది ఇంటి మీదుగా కూస్తూ పోతే ఎవరో పోతారని మా వాడలో గట్టి నమ్మకం. పాపం, దాని గొడవంతా గుడ్ల గురించి. మీ కుడికాలికి మూరెడు దూరంలో చూడండి. గూడు లేదు, గుంట మాత్రమే. చుట్టూ నాలుగు గులకరాళ్లు, వాటి మధ్య నాలుగు గుడ్లు. రాయేదో గుడ్డేదో నాకూ తెలియలేదు, సన్నటి మొనలన్నీ లోపలికి తిప్పి పేర్చి ఉండబట్టి పోల్చాను. చెలక నడిమధ్య పెట్టింది. విత్తనం గొర్రు సరిగ్గా ఇక్కణ్నుంచే పోతుంది. ఈ కర్రపుల్ల గుర్తుగా పాతి పోదాం.

బావి వచ్చేసింది. నీళ్లు ఎక్కడో అడుగున ఉన్నాయి గానీ చూడాల్సింది పైన. నీళ్ల మీదకి ఒరిగిన తుమ్మచెట్టు, దాని కొమ్మల చివర గిజిగాడి గూళ్లు. లెక్కపెట్టకముందు ఒక సంగతి గమనించండి. చెట్టుకు అటు పక్క ఖాళీ, ఇటు తూర్పు పక్కే అన్నీ. నైరుతి గాలి చెట్టును ఏ వైపు నుంచి కొడుతుందో వాటికి ఎవరూ చెప్పలేదు.

పసుపు టోపీ పెట్టుకున్నవి మగవి. కట్టేవి అవే. ఒకటి తాటాకు మీద వాలింది. అంచును ముక్కుతో కొరికి, పట్టు బిగించి, ఎగిరింది. సర్రున చీలిక వచ్చేసింది; తనకన్నా పొడుగున్న దారం తోకలా ఆడిస్తూ తెచ్చింది. ముక్కు ఒక్కటే సూది. ఈ పక్కనున్న గూడు సగమే అయింది, నడుమ అడ్డపట్టీ ఉన్న బోర్లించిన బుట్టలా. ఇక్కడ పని ఆపేసి రెక్కలు టపటపలాడిస్తూ పిలుస్తోంది. వచ్చింది ఆడపిట్ట. లోపలికి దూరింది, పట్టీ మీద కూర్చుని ఊగింది, ఒక పోచ పట్టి లాగింది. పెళ్లిచూపులకు వచ్చి ఇంటి దూలాలు లెక్కపెట్టే మేనత్తలా ఉంది. నచ్చితే మగది గొట్టం దాకా పూర్తి చేస్తుంది, ఆడది రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది. అది పొదగడానికి కూర్చోగానే మగడు ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకొకర్ని పిలుస్తాడు. ఈ గుట్టును వివరంగా రాసింది పక్షి శాస్త్రవేత్త సలీం అలీ. ఉద్యోగం లేక కిహిమ్ ఊళ్లో ఇంటిపట్టున ఉన్నప్పుడు దగ్గర్లోని గూళ్లనే చూస్తూ కూర్చుని 1931లో ఆ వ్యాసం అచ్చు వేశారు. అదే ఏడాది నిజాం రాజ్యంలో పక్షుల లెక్క తీయడానికి మన వైపు వచ్చారు.

గూటి లోపల అతికించిన తడి మట్టి ముద్ద కనబడుతోందా? దానికి మిణుగురులను అద్ది దీపం పెట్టుకుంటుందని అవ్వ కథ. మట్టి నిజమే, మిణుగురును నేనెప్పుడూ చూడలేదు. అయినా రాత్రి పూట ఈ పక్కకు వస్తే ఒకసారి తల పైకెత్తుతాను.

ఆడపిట్ట వెళ్లిపోయింది. నచ్చలేదు.

ఎండ చురుక్కుమంటోంది, పోదాం. వచ్చిన దారే గానీ చెలక ఖాళీ. మీరు చెయ్యి ఆనించిన చోటే కూర్చుని వెతకండి. ఒక్కటీ లేదు, అక్కడో సన్నటి బొక్క మాత్రం ఉంది.

అవ్వ దర్వాజాలోనే ఎదురైంది.

"ఎల్లినయా?"

"ఎల్లినయవ్వా. యాభై దాటంగనే లెక్క తప్పిన."

"మట్టి?"

గోట్లో ఇరుక్కున్న తడి మట్టి చూపించి, జానెడని చెప్పాను. ఆమె మంచం కింద చెయ్యి పెట్టి మూట లాగింది. ముడి పళ్లతో విప్పి, కందులు చాటలో పోసి తాలు ఏరడం మొదలుపెట్టింది.

"మీ చిన్నాయినను లేపు. గొర్రు గట్టమను."

"అవ్వా, చెలక నడుమ తీతువు గుడ్లు వెట్టింది. పుల్ల పాతొచ్చిన."

చాటలో చెయ్యి ఆగింది. తీతువు పేరు పొద్దున్నే ఇంట్లో ఎత్తకూడదు, నాకు తెలుసు.

"దాని పాడు నోరు," అంది. మళ్లీ చాట చెరుగుతూ, "ఆడ నాలుగు సాళ్లు ఇడిచి పెట్టమని చెప్పు."