జొన్న రొట్టె మీద మోపిన భారం

అలంపూర్ చౌరస్తాలో ఎవరిని కదిలించినా గుండెజబ్బుల చరిత్రను రెండు ముక్కల్లో తేల్చేస్తారు. తాతలు జొన్న రొట్టె తిన్నారు, గుండ్రాయిలా ఉన్నారు. రెండు రూపాయల బియ్యం వచ్చింది, గుండెలు చెడ్డాయి. ఆదివారం అనుబంధాలూ, చిరుధాన్యాల దుకాణాలూ ఇదే కథను కాస్త రంగులద్ది చెబుతాయి. ఈ కథలో అబద్ధం తక్కువే. వదిలేసిందే ఎక్కువ.

పాత కాలాన్ని తొందరగా దాటేద్దాం. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నడిగడ్డలో బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో నవబ్రహ్మ ఆలయాలు కట్టారు. రోజూ ఒళ్లు వంచాలనీ, అదీ సగం సత్తువ మేరకే వంచాలనీ వాగ్భటుడి అష్టాంగహృదయం అప్పటికే చెప్పింది. అయితే ఆ మాట వ్యాయామం చేసే తీరిక ఉన్నవాళ్లకు. నాగలి పట్టినవాడికి సగం సత్తువతో ఆగే వీలెక్కడిది? గుండెజబ్బుకూ రోజువారీ అలవాట్లకూ లంకె వేసి లెక్కగట్టడం మాత్రం నిన్నమొన్నటి పని. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊళ్లో మొదలైన పరిశీలన రక్తపోటును, పొగను, కొలెస్టరాల్‌ను వేలెత్తి చూపింది. 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పోల్చి చూశాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెపోటు చాలా తక్కువని తేలింది. ఈ బస్సు సంగతి గుర్తుంచుకోవాలి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ముందు తాతల ఆరోగ్యం. 1951 జనాభా లెక్కల నాటికి ఈ దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దరిదాపుల్లో ఉంది. పసిపిల్లల చావులు ఎక్కువ కాబట్టి సగటు అంత కిందికి దిగిందన్నది నిజమే. అయినా కలరా, మలేరియా, క్షయ, కాన్పు దాటి యాభై ఏళ్లు చూసినవాళ్లు ఎందరు? 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు వచ్చిన వయసు సుమారు 53. ఆ వయసుకు చేరనివాడికి గుండెపోటు రాలేదంటే ఆ ఘనతను రొట్టెకు ఎలా కట్టబెడతాం?

జొన్న మాత్రం మచ్చలేనిదా? కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, అంటే తార్నాకలోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, వచ్చీ రావడంతోనే తలకెత్తుకున్న సమస్యల్లో పెల్లాగ్రా ఒకటి. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చెదురుతుంది. దక్కన్‌లో ఇది ఎక్కువగా జొన్న తప్ప మరో తిండి లేని పేదలకే వచ్చేది. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ కావడమే కారణమని గోపాలన్, శ్రీకంఠియా 1960లో ప్రతిపాదించారు. తర్వాత దానిపై వాదోపవాదాలు చాలానే నడిచాయి. రోగం మాత్రం వాదం కాదు. పక్కన పప్పు, పాలు, ఆకుకూర ఉన్న ఇంట్లో జొన్న బలం. ఏమీ లేని ఇంట్లో అదే జబ్బు.

ఇప్పుడు అసలు తగాదా, 1983. ఆ ఏడు ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. మనిషికి 5 కిలోలు, ఇంటికి నెలకు 25 కిలోలు మించకుండా. లెక్క వేసి చూడండి. ఐదారుగురున్న కూలి కుటుంబానికి రోజుకు రెండు కిలోలకు పైగా గింజలు కావాలి, నెలకు అరవై దాటుతుంది. ఆ పాతిక కిలోలు సగానికి కూడా చాలవు. కాబట్టి జొన్న ఒక్కసారిగా చేటలోంచి ఎగిరిపోలేదు. అది పొలంలోంచి మెల్లగా జారింది. నల్లరేగడిలో పత్తి వచ్చింది, గద్వాల చుట్టూ పత్తి విత్తనోత్పత్తి పాతుకుపోయింది, మిగతా చోట వేరుశనగ. రాజోలిబండ మళ్లింపు పథకం కింద గద్వాల, అలంపూర్ ప్రాంతాలకు 87,500 ఎకరాల ఆయకట్టు కాగితం మీద ఉన్నా, కాలువ చివరి ఊళ్లు నీటికోసం ఎదురుచూడటమే ఎక్కువ. అన్నం తినాలన్న కోరిక కాలువ వల్ల వచ్చింది కాదు. అన్నం పండగ తిండి, పెద్దింటి తిండి. చవగ్గా దొరికినప్పుడు పేదవాడు దాన్ని కోరుకోవడం తప్పెలా అవుతుంది?

బియ్యమే దోషి అయితే గోదావరి జిల్లాల సంగతేమిటి? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి డెల్టాది వరి తిండి. అక్కడి 45 పల్లెల్లో 2003-04లో జరిగిన చావులను లెక్కిస్తే మూడో వంతుకు దగ్గరగా, 32 శాతం, గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటువ్యాధుల వాటా 12 శాతం. చూశారా, బియ్యం తిన్నవాళ్ల గతి అనవచ్చు. కానీ వాళ్ల ముత్తాతలూ అన్నమే తిన్నారు. నాడు దంపుడు బియ్యం, నేడు మర బియ్యం అన్న తేడాను ఒప్పుకుంటాను. ఇంకొకటీ ఒప్పుకోవాలి. 21 దేశాల్లో జరిగి 2020లో అచ్చయిన ఒక అధ్యయనంలో, రోజుకు 450 గ్రాములకు మించి తెల్లన్నం తినే దక్షిణాసియా వాళ్లకు, తక్కువ తినేవాళ్ల కంటే షుగర్ జబ్బు ముప్పు 61 శాతం ఎక్కువగా కనిపించింది. షుగరు వెంట గుండెజబ్బు నడిచి వస్తుంది. కనుక బియ్యాన్ని నిర్దోషిగా వదిలిపెట్టమనను. దాన్ని ఒక్కదాన్నే బోనెక్కించడం సరికాదంటాను.

నా అనుమానమంతా కాళ్ల మీద, చేతుల మీద. పాలమూరు (మహబూబ్‌నగర్) కూలి అంటే దేశమంతా తెలుసు. ఆనకట్టలకు మట్టి మోసిన జాతి. ఇంట్లో ఆడవాళ్లు తెల్లారకముందే ఇసుర్రాయి ముందు కూర్చునేవారు. రొట్టె తినడానికి ముందే రొట్టె కోసం చెమట కారేది. గిర్ని వచ్చింది, ట్రాక్టర్ వచ్చింది, ఆటో, బండి వచ్చాయి. పళ్లెంలో మార్పుకు ఒక తరం పట్టింది. కాళ్లకు అంత కాలం పట్టలేదు. మోరిస్ బస్సులో కండక్టరు డ్రైవరయ్యాడన్నమాట. అలాగని ఆ శ్రమకు హారతి పట్టలేను. నడుములు విరిచిన చాకిరీ అది, ఇసుర్రాయి పోయిందని ఏ ఆడమనిషీ ఏడ్వలేదు. శ్రమ పోయినచోట నడకనో ఆటనో పెట్టే తెలివి మనకు రాలేదన్నదే నా ఫిర్యాదు. పైగా ఆ చాకిరీలో దొరికిన ఒకే విరామం బీడీ. పని తగ్గింది, బీడీ మిగిలింది.

ప్రభుత్వం ఏం చేసింది? 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అలంపూర్ అప్పుడు ఆ జిల్లాలోనే ఉంది. గుండె ఆపరేషన్‌కు పేదవాడు పొలం అమ్ముకోనక్కర్లేకపోవడం చిన్న మేలు కాదు. కానీ కత్తికి డబ్బు ముందొచ్చింది, బీపీ పట్టీ ఇంటి గడపకు రావడానికి మరో పదేళ్లు పట్టింది. ఛాతీలో నొప్పి వస్తే నేటికీ తుంగభద్ర వంతెన దాటి కర్నూలుకే పరుగు. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ఊళ్లోనే బీపీ, షుగరు చూడటమన్నది నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే పనికొచ్చిన మలుపు. దానికి దక్కాల్సిన గౌరవం మాత్రం దక్కలేదు.

గౌరవమంతా 2023లో చిరుధాన్యాల సంవత్సరానికి దక్కింది. జొన్న ఇప్పుడు నగరంలో అందమైన పొట్లం. పండించే ఊళ్లో మాత్రం 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం. రెంటికీ నేను వ్యతిరేకిని కాను. బీపీ ఉందని తెలిసి అన్నం మాని రొట్టెకు మళ్లినవాళ్లు ఇటీవల తరచూ కనబడుతున్నారు. మంచిదే. రోజుకు ఐదు గ్రాములు మించకూడదన్న ఉప్పు సంగతి అడిగితే మాత్రం చాలామందికి అది ఏ మూలన ఉందో తెలియదు. పచ్చిమిరప తొక్కు లేనిదే రొట్టె గొంతు దిగదు, తొక్కులో ఉప్పు లేనిదే అది నిలవ ఉండదు.