పోయిన నైట్‌గౌను: డిటెక్టివ్ నవల వెనక అసలు కేసు

మంచి క్రైమ్ కథ మొదలుపెడితే రాత్రి రెండైనా ఫోన్ పక్కన పెట్టబుద్ధి కాదు. ఎందుకంటారు? దీనికి జవాబు కోసం 1860కి, ఇంగ్లండ్‌లోని రోడ్ అనే పల్లెకి వెళ్దాం.

అక్కడ రోడ్ హిల్ హౌస్ అని ఒక పెద్ద బంగళా. జూన్ 30 తెల్లారేసరికి ఆ ఇంట్లో నాలుగేళ్లు కూడా నిండని పిల్లాడు మంచం మీద లేడు. వెతగ్గా వెతగ్గా ఆవరణలోని మరుగుదొడ్డిలో శవం దొరికింది. గొంతు కోసేశారు. చంపింది ఇంట్లోవాళ్లే అని అందరికీ అనుమానం. ఎవరు?

స్థానిక పోలీసుల వల్ల కాలేదు. రెండు వారాల తర్వాత లండన్ నుంచి జోనథన్ విచర్ వచ్చాడు. లండన్ పోలీసులు 1842లో డిటెక్టివ్ విభాగం పెట్టినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మందే. వాళ్లలో ఈయన ఒకడు.

విచర్ రక్తపు మరకల కోసం చూడలేదు. ఉతికే బట్టల లెక్క చూశాడు! పిల్లాడి సవతి అక్క కాన్‌స్టన్స్‌కి 16 ఏళ్లు. ఆమె నైట్‌గౌన్లు మూడు ఉండాలి, రెండే ఉన్నాయి. మూడోది రక్తం అంటితే మాయం చేసిందని విచర్ లెక్క. ఆమెను అరెస్ట్ చేశాడు. కానీ గౌను దొరకలేదు, సాక్ష్యం లేదు. కోర్టు వదిలేసింది.

ఇక చూడండి గొడవ. ఒక తోటమాలి కొడుకు వచ్చి పెద్దింటి అమ్మాయిని హంతకురాలు అంటాడా అని పేపర్లు దుమ్మెత్తిపోశాయి. విచర్ పేరు పోయింది. 1864లో ఉద్యోగం కూడా వదిలేశాడు. మరుసటి ఏడాదే, 1865లో, కాన్‌స్టన్స్ తనంతట తానే వచ్చి నేరం ఒప్పుకుంది! మరణశిక్ష వేసి, తర్వాత యావజ్జీవంగా మార్చారు. 20 ఏళ్లు జైల్లో ఉంది.

ఇప్పుడు నవల సంగతి. 1868లో విల్కీ కాలిన్స్ 'ది మూన్‌స్టోన్' రాశాడు. వారం వారం పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో దోచిన ఒక వజ్రం ఇంగ్లండ్‌లో మళ్లీ మాయమవుతుంది. ఈ వజ్రానికి కోహినూరు కథ కూడా ఒక ఆధారమని కాలిన్సే ముందుమాటలో చెప్పుకున్నాడు. కోహినూరు మన కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో పుట్టిందని చెప్తారు కదా!

అసలు కేసులోని హత్య నవలలో దొంగతనం అయింది. రక్తం మరక రంగు మరక అయింది. పోయిన నైట్‌గౌను మాత్రం అలాగే ఉంది! కథను ఒక్కరు చెప్పరు. ఒక్కో సాక్షి తనకు తెలిసినంతవరకే చెప్తాడు. అంటే ఆధారాలన్నీ మన కళ్లముందే ఉంటాయి, కలపడమే మన పని. దొంగ ఎవరో నేను చెప్పను, చదవండి.

మరి మొదటి ప్రశ్నకి జవాబు? మనల్ని కూర్చోబెట్టేది రక్తం కాదు. చివరి పేజీలో నిజం తప్పకుండా బయటపడుతుందన్న హామీ. విచర్‌కి ఆ పేజీ ఐదేళ్లు ఆలస్యంగా వచ్చింది.

ఇంకో మాట. ఆ ఐదేళ్లూ దేశమంతా డిటెక్టివ్ అయిపోయింది. ఆయా చేసిందన్నారు, తండ్రే చంపాడన్నారు. పోలీసులకు, పేపర్లకు ఉత్తరాల మీద ఉత్తరాలు. ఆ ఆయా రెండుసార్లు అరెస్ట్ అయింది, ఏ తప్పూ చేయకుండా! ఇవాళ ఏదైనా కేసు వైరల్ అయితే మనం గ్రూపుల్లో చేసేదీ అదే కదా? కథలో తప్పుగా అనుమానిస్తే నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. నిజం కేసులో అలా అనుమానిస్తే ఒక మనిషి బతుకు పోతుంది. ఫార్వర్డ్ నొక్కే ముందు ఆ ఆయాని గుర్తుచేసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.